క్రాసోవరా, ఫోర్ బై ఫోరా? షోరూమ్ మెట్లెక్కే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మా పొలం నంద్యాల వైపు. తారు రోడ్డు దిగాక కిలోమీటరున్నర రస్తా, అంతా నల్లరేగడి. మూడేళ్ల కింద శనగ విత్తే రోజుల్లో, రాత్రి పడ్డ వాన పొద్దున్నే తెరిపిచ్చింది కదా అని కొత్త క్రాసోవర్, అంటే చూడ్డానికి ఎత్తుగా ఉన్నా లోపల కారులాగే కట్టిన బండి, వేసుకుని బయల్దేరాను. వంద గజాలు పోయానో లేదో, బండి ఉన్నచోటే ఉండిపోయింది. ఎడమవైపు ముందు చక్రం మాత్రం గిర్రున తిరుగుతోంది. దిగి చూస్తే టైరు కనపడలేదు, టైరు ఆకారంలో ఓ మట్టిముద్ద కనపడింది. కుడి చక్రం మాత్రం తనకేమీ పట్టనట్టు కదలకుండా ఉంది. గంటన్నర తర్వాత పక్క చేను పెద్దాయన ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి లాగి, "ఇంత డబ్బు పోసి కొంటివి కదప్పా, ఆ మిలిట్రీ జీపు మాదిరిది కొనకపోతివా" అన్నాడు.

ఆ సాయంత్రమే బండి అమ్మేసి ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి, కొనాలని తీర్మానించుకున్నాను. కొనలేదు. ఎందుకు కొనలేదో చివర్లో చెబుతాను. ఈలోగా నేను చేసిన లెక్కలు మీరూ వరుసగా చేయండి. మొదటి రెండింటికి షోరూమ్ గడప తొక్కాల్సిన పని లేదు. ఓ నోటుపుస్తకం చాలు.

1. గడిచిన ఏడాది దారులు రాయండి

వచ్చే ఏడాది పోబోయే లడాఖ్ కాదు, పోయిన ఏడాది పోయిన దారులు. కొనేటప్పుడు అందరం లడాఖ్ గురించే మాట్లాడతాం. కొన్నాక ఆ బండి స్కూలు గేటు ముందు, కూరగాయల మార్కెట్ ముందు నిలబడుతుంది.

ఫోన్లో మ్యాప్స్ చరిత్ర ఉంటే తెరవండి, లేకపోతే గుర్తున్నంతవరకు రాయండి. ఒక్కో ప్రయాణానికి మూడు విషయాలు చాలు: ఎన్ని కిలోమీటర్లు, అందులో తారు లేనిది ఎంత, ఆ రోజు వాన ఉందా. నా లెక్కలో ఏడాదికి పద్నాలుగు వేల కిలోమీటర్లు తేలింది. అందులో మట్టి రస్తా నూట ఇరవై కిలోమీటర్లకు మించలేదు. ఆ నూట ఇరవైలో తడిసిన రస్తా మీద పోయింది తొమ్మిది రోజులు.

అయితే కిలోమీటర్లు మాత్రమే చూస్తే మోసపోతాం. అసలు చూడాల్సింది 'ఆ రోజు తప్పనిసరిగా బండిలోనే పోవాలా' అన్నది. పాల క్యాన్లు రోజూ తారు రోడ్డుకు చేర్చేవాళ్లకి, ఏజెన్సీ గ్రామాల్లో డ్యూటీ చేసే నర్సుకి, క్వారీ పని చూసుకునేవాళ్లకి తొమ్మిది రోజులు కాదు, నెలల తరబడి ఆ దారే గతి. నాకు మాత్రం ఆ తొమ్మిదిలో ఏడు రోజులు 'రేపు పోదాంలే' అనుకున్నా సరిపోయేది. తప్పనిసరి రోజులు ఏడాదికి ఇరవై దాటితేనే ఫోర్ బై ఫోర్ మాట ఎత్తాలని నేను పెట్టుకున్న గీత. మీ గీత మీరు గీసుకోండి, కానీ షోరూమ్‌లో కూర్చుని కాదు.

2. చెడ్డ దారి ఏ రకంగా చెడ్డదో తేల్చండి

'మా ఊరి రోడ్డు దరిద్రం' అంటే చాలదు. గుంతలు వేరు, రాళ్లు వేరు, బురద వేరు, ఇసుక వేరు. ఒక్కోదానికి మందు ఒక్కోటి.

గుంతలు పడ్డ తారు రోడ్డుకి ఫోర్ బై ఫోర్‌తో పనే లేదు. దానికి కావాల్సింది మంచి సస్పెన్షన్, టైరుకి కాస్త మందమైన సైడ్‌వాల్, అంటే పక్కగోడ. నిజానికి అక్కడ క్రాసోవరే సుఖం.

ఘాట్ రోడ్డు సంగతీ అంతే. అరకు, మారేడుమిల్లి, తిరుమల, ఆత్మకూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం, ఇవన్నీ తారు రోడ్లు. పాత ఆల్టోలు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. అక్కడ కావాల్సింది మంచి బ్రేకులు, దిగేటప్పుడు గేరు తగ్గించే అలవాటు. 'ఘాట్ రోడ్లు తిరుగుతాం సార్, అందుకే ఫోర్ బై ఫోర్' అనేవాళ్లని చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది.

రాళ్లు తేలిన బండి బాట, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు, రెండు పక్కలా ట్రాక్టర్ చక్రాల గాడి ఉంటే సమస్య పట్టు కాదు, పొట్ట తగలడం. ఇక్కడ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఉన్న ఎత్తు, చూడాలి.

ఇక నల్లరేగడి. దీని దగ్గర కాసేపు ఆగాలి, తెలుగు నేల మీద ఎక్కువ బండ్లను ముంచేది ఇదే. ఈ మట్టిలోని బంకకి నీళ్లు తాగి ఉబ్బే గుణం ఉంది. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేదీ, వానకి జిగురయ్యేదీ అందుకే. తడిసినప్పుడు టైరు గాళ్లలో దూరి అతుక్కుంటుంది, ఒక చుట్టు తిరిగేసరికి గాళ్లన్నీ పూడిపోతాయి. ఇక టైరు మీద గాడి ఉన్నా లేనట్టే, అరిగిపోయిన టైరూ కొత్త టైరూ ఒకటే. షోరూమ్ నుంచి వచ్చే రోడ్డు టైర్లతో ఫోర్ బై ఫోర్ బండిని దింపినా నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. అప్పుడు జరిగే తేడా ఒకటే, ట్రాక్టర్ ఇంకో యాభై గజాలు లోపలికి రావాలి. కాబట్టి మీ సమస్య నల్లరేగడి అయితే బండితోపాటు గాళ్లు వెడల్పుగా ఉండే ఆల్ టెరైన్ లేదా మడ్ టైర్ల ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి. మడ్ టైర్లు హైవే మీద హోరుమంటాయని కూడా పక్కన రాసుకోండి.

ఎర్రమట్టి, గరుసు నేలలైతే అదృష్టవంతులు. వాన ఆగిన కాసేపటికి గట్టిపడిపోతాయి.

3. పేరు చూడొద్దు, కిందకి వంగి చూడండి

ఇప్పుడు ఎత్తుగా కనపడే ప్రతిదాన్నీ ఎస్‌యూవీ అనే అమ్ముతున్నారు. లోపల మాత్రం రెండు వేర్వేరు జాతులు.

క్రాసోవర్ అంటే కారు జాతిలోనే పుట్టిన బండి. బాడీ, ఛాసిస్ ఒకే డబ్బాగా అతికి ఉంటాయి, దాన్నే మోనోకాక్ అంటారు. క్రెటా, బ్రెజా, నెక్సాన్, గ్రాండ్ విటారా, మన పెనుకొండ ఫ్యాక్టరీలో తయారయ్యే సెల్టోస్, అన్నీ ఇవే. రెండో జాతిలో నిచ్చెన ఆకారంలో ఇనుప ఛాసిస్ విడిగా ఉండి, దాని మీద బాడీ బిగిస్తారు. థార్, జిమ్నీ, గూర్ఖా, స్కార్పియో ఈ కోవలోవి. లారీ, ట్రక్కు కట్టుబడి కూడా ఇదే. ఒక చక్రం గుంతలో, ఒకటి బండ మీద ఉండి బండి మెలిదిరిగినప్పుడు ఆ దెబ్బ ఛాసిస్ తింటుంది. అదే ఛాసిస్ బరువు తారు రోడ్డు మీద కుదుపుగా, డీజిల్ బిల్లుగా తిరిగొస్తుంది.

ఇంకో తేడా మీరు స్వయంగా చూసుకోవాలి: గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందా? థార్, జిమ్నీ ఫోర్ బై ఫోర్ బండ్లలో అది ఉంటుంది. దాని మీద 2హెచ్ (రెండు చక్రాలకే శక్తి), 4హెచ్ (నాలుగు చక్రాలకూ, మామూలు వేగంలో), 4ఎల్ (నాలుగు చక్రాలకూ, తక్కువ వేగంలో) అని రాసి ఉంటుంది. ఆ 4ఎల్‌కే మీరు డబ్బు కడుతున్నారు. దాన్ని వేస్తే చక్రాలకు చేరే బలం సుమారు రెండు, రెండున్నర రెట్లవుతుంది, వేగం ఆ మేరకు పడిపోతుంది. క్లచ్ కాలకుండా, నడిచే మనిషి వేగంతో బండి రాళ్లెక్కడానికి అదే కారణం. గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో కొన్ని వేరియంట్లకు ఆల్ వీల్ డ్రైవ్ ఇస్తున్నారు. అవి నాలుగు చక్రాలకూ శక్తి పంపుతాయి, కానీ 4ఎల్ లేదు. జారుడు రోడ్డుకి, తడిసిన ఎర్రమట్టికి బాగా పనికొస్తాయి. వాగు ఒడ్డు ఎక్కడానికి కాదు.

కొన్ని క్రాసోవర్ల పై వేరియంట్లలో మడ్, శాండ్, స్నో అని తిప్పే మీట ఉంటుంది. అది ఇంజన్ స్పందననీ, బ్రేకులనీ సర్దుతుంది. శక్తి మాత్రం ముందు రెండు చక్రాలకే పోతుంది. సేల్స్ అబ్బాయి ఆ మీట తిప్పి చూపిస్తే, 'వెనక చక్రాలకు షాఫ్ట్ ఉందా బాబూ' అని మెల్లగా అడగండి.

మా రస్తాలో ఒక చక్రమే ఎందుకు తిరిగిందో ఇప్పుడు చెప్పొచ్చు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి రెంటి మధ్యా డిఫరెన్షియల్, అంటే వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉంటుంది. దాని బలహీనత ఏంటంటే, ఒక చక్రం జారితే తిప్పుడంతా దానికే పోతుంది, గట్టి నేల మీదున్నది ఊరికే చూస్తుంటుంది. దీనికి విరుగుడు రెండు చక్రాలనీ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్. గూర్ఖాలో ముందూ వెనకా రెంటికీ చేత్తో వేసే లాక్ ఉంది. థార్‌లో కొన్ని వేరియంట్లకు వెనక యాక్సిల్‌కి దానంతటదే పడే లాక్ ఉంటుంది. జిమ్నీలో జారే చక్రానికి బ్రేకు వేసి, శక్తిని అవతలి దానికి మళ్లిస్తారు. ఏ వేరియంట్‌కి ఏముందో బ్రోచర్లో వేలు పెట్టి చూపించమనండి.

4. బ్రోచర్లో ఏ అంకెలు చదవాలి

అందరూ మొదట గ్రౌండ్ క్లియరెన్స్ చూస్తారు. క్రెటాకి 190 మి.మీ., జిమ్నీకి 210, థార్‌కి 226. మొదటిదానికీ చివరిదానికీ తేడా 36 మి.మీ., అంటే రెండు వేళ్ల మందం. దానికోసమే లక్షలు పోసేవాళ్లుంటే ఆగాలి. పైగా నెక్సాన్ లాంటి క్రాసోవర్ 208 దగ్గరే ఉంది, అంటే జిమ్నీతో దాదాపు సమానం.

అసలు తేడా కోణాల్లో ఉంటుంది. ముందు బంపర్ నేలకి తగలకుండా ఎంత నిటారు గట్టు ఎక్కగలదో చెప్పేది అప్రోచ్ కోణం. థార్‌ది 41 డిగ్రీల పైన, జిమ్నీది 36. క్రాసోవర్ల బ్రోచర్లలో ఈ అంకె చాలాసార్లు ఉండనే ఉండదు. దాంతోనే విషయం అర్థమైపోవాలి. మీ పొలం గట్టు దగ్గర ఓ చెక్కపలక ఏటవాలుగా పెట్టి, ఫోన్లో కోణం కొలిచే యాప్‌తో చూడండి. నేను అలా కొలిస్తే నేను భయపడ్డ గట్టు 17 డిగ్రీలు తేలింది.

బండి ఎంత లోతు నీళ్లలో దిగగలదో చెప్పే అంకె కూడా చదవండి, కానీ జాగ్రత్తగా. థార్‌కి 650 మి.మీ., గూర్ఖాకి 700 అని కంపెనీలు చెబుతాయి. అది నిలవ నీటికి. పారే వాగుకి కాదు. రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలతో సహా చాలా బండ్లని పక్కకి నెట్టేస్తుంది. చప్టా మీద నీళ్లు పారుతుంటే ఏ బండికైనా ఒకటే పద్ధతి: ఆగడం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు పార్కింగ్‌లో నిలబెట్టిన బండ్లే పాడయ్యాయి. ఏ బండి కొన్నా ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ అడిగి తీసుకోండి. నీళ్లలో ఆగిపోయిన ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లోపలికి నీళ్లు పోయుంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

5. ఇంట్లోవాళ్లని ఎక్కించండి

టెస్ట్ డ్రైవ్‌కి ఒంటరిగా పోవద్దు. నేను మా అమ్మని తీసుకెళ్లాను. మూడు తలుపుల థార్‌లో వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, ఆ సందులోంచి లోపలికి దూరాలి. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో పైనున్న పిడి పట్టుకుని, కాలు పైకెత్తి, మళ్లీ కింద పెట్టేసి, "నేను బస్సులో వస్తాలే నాయనా" అంది. ఏ రివ్యూలోనూ ఇంత స్పష్టమైన తీర్పు చదవలేదు. అయిదు తలుపుల థార్ రాక్స్ 2024 ఆగస్టులో వచ్చాక ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. కానీ అది 4.4 మీటర్ల బండి, పాత ఊళ్ల సందుల్లో తిప్పడం వేరే కథ. సందులకైతే 1,645 మి.మీ. వెడల్పున్న జిమ్నీ దొడ్డ మేలు. కాకపోతే అందులో నలుగురే పడతారు, వెనక సామాను చోటు 208 లీటర్లే. అదే క్రెటాలో 433.

టెస్ట్ డ్రైవ్‌లో షోరూమ్ చుట్టూ నున్నటి రోడ్డు మీద తిప్పి పంపేస్తారు. మీరే దారి ఎంచుకోండి: వరసగా స్పీడ్ బ్రేకర్లు, ఒక పాడైన రోడ్డు, వీలైతే హైవే మీద పది నిమిషాలు. సగం దూరం మీరు వెనక సీట్లో కూర్చోండి. కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా మూడున్నర గంటలు ఆ సీట్లో కూర్చునేది మీరు కాదు కదా.

6. డబ్బు లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల జీఎస్టీ మారింది. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లోపు లేదా డీజిల్ 1500 సీసీ లోపు ఉంటే 18 శాతం. మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకి 40. దీనివల్ల ఓ తమాషా జరిగింది. మూడు తలుపుల థార్‌లో 1.5 లీటర్ల డీజిల్ బండికి 18 శాతం, అదే ఆకారంలో ఉన్న 2.2 లీటర్ల డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి 40. జిమ్నీ నాలుగు మీటర్ల లోపే అయినా పెట్రోల్ ఇంజన్ 1.5 లీటర్లు కాబట్టి దానికీ 40. ఆ చవక థార్ చూసి నోరూరొచ్చు, ఆగండి. అది వెనక చక్రాలతో మాత్రమే నడిచే బండి. ఆకారం జీపుది, బురదలో దాని పనితనం మామూలు కారుకి దగ్గరగా ఉంటుంది. ఆకారమే కావాలనుకుంటే తప్పేం లేదు, తెలిసి కొనండి.

ఇంధనం: ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకి 16 బదులు 12 ఇస్తే 250 లీటర్లు అదనం. లీటరు 95 రూపాయల లెక్కన ఏటా 23,750. దీని మీద ఆల్ టెరైన్ టైర్లు, డిఫరెన్షియల్ ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ఆయిల్ ఖర్చు కలపండి. వచ్చిన మొత్తాన్ని మీ 'తప్పనిసరి రోజుల'తో భాగించండి. నాకు ఒక్కో రోజుకి పదిహేను వేలు దాటింది. ఆ పెద్దాయన ట్రాక్టర్‌కి అడిగింది అయిదు వందలు, అవీ నేను బలవంతపెడితే.

7. ఫోర్ బై ఫోర్ అని తేలితే

మీ లెక్కలో ఇరవై, ముప్పై రోజులు దాటిందా? అయితే సందేహించకుండా కొనండి, క్రాసోవర్‌తో రాజీ పడి ఏడవొద్దు. కొన్నాక కొన్ని పనులున్నాయి. ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్ వేయొద్దు. ఈ బండ్లలో ముందు వెనక చక్రాల మధ్య సర్దుబాటు ఉండదు కాబట్టి మలుపుల్లో బిగుసుకుపోయి గేర్లు దెబ్బతింటాయి. దిగబడ్డాక కాదు, బురదలో దిగకముందే వేయాలి. నెలకోసారైనా ఖాళీ మట్టి స్థలంలో కాసేపు 4ఎల్ వేసి నడపండి, లేకపోతే అవసరమైన రోజు లివర్ మొరాయిస్తుంది. బండిలో లాగే పట్టీ, పార, సిగరెట్ సాకెట్‌కి తగిలించే గాలి పంపు ఉంచుకోండి. ఇసుకలో టైరు గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే బండి తేలుతుంది, తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. బంపర్ ముందు పెట్టే ఇనుప చట్రం, అదే బుల్‌బార్, మాత్రం బిగించొద్దు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని నిషేధించింది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకూ అవి అడ్డం.

8. దారి బాగుచేసే ఖర్చు కూడా అడగండి

ఇది ఎవరూ చెప్పరు, నాకూ ఆలస్యంగా తట్టింది. మా కిలోమీటరున్నరలో నిజంగా బండి దిగబడేది మూడు వందల గజాలే, వంక పక్కన పల్లం. మిగతాదంతా గట్టు మీద, వాన ఆగిన మర్నాటికి ఆరిపోతుంది. ఆ రస్తా వాడే అయిదు కుటుంబాలం కూర్చుని మాట్లాడుకున్నాం. పద్నాలుగు ట్రాక్టర్ల గరుసు తోలించాం, పక్కన నీళ్లు పోయేందుకు చిన్న కాలువ తీయించాం. నా వాటాకి పడింది ఒక ఆల్ టెరైన్ టైరు ధర కంటే తక్కువ. ట్రాక్టర్ పెద్దాయన మాత్రం వాటా ఇవ్వనన్నాడు, 'నా బండికి రోడ్డెందుకు' అని. చివరకి డ్రైవర్ బత్తా ఆయనే పెట్టుకున్నాడు.

క్రాసోవర్ ఇంకా అదే. రెండు వానలకి గరుసు కొంచెం కుంగింది, వచ్చే వేసవిలో మళ్లీ నాలుగు ట్రాక్టర్లు తోలించాలి. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం బండి తారు రోడ్డు మీదే వేపచెట్టు కింద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిపోతున్నాను.